నేను లేని ఉత్తరాలు

మిల్టన్

మా ఊరు మిల్టన్. పక్కనున్న టొరంటో నుంచి విన్నిపెగ్‌కి విమానంలో రెండున్నర గంటలు, రైల్లో ఒకటిన్నర రోజు. నేను రైలెక్కాను. దారిపొడుగునా కెనడాని కిటికీలోంచి చూడాలని ఉబలాటం అని అందరికీ చెప్పుకున్నాను గాని అసలు సంగతి వేరు. నేను వెళ్ళి ఒకమ్మాయికి చెప్పాల్సిన మాట ఒకటుంది. అది ఎంత ఆలస్యంగా చెబితే అంత మేలనిపించింది. ఆలస్యం కావాలనుకునేవాడికి ఈ దేశంలో రైలుని మించిన వాహనం లేదు.

ఆ అమ్మాయి పేరు చికోండి. ఆఫ్రికాలో, మలావీ దేశంలో ఒక పల్లెటూరు. పదకొండేళ్ళ క్రితం ఒక ఆదివారం ఒక సేవాసంస్థవాళ్ళు మా చర్చి వరండాలో బల్ల మీద పిల్లల ఫొటోలు పరిచారు. ఒక్కొక్కరూ ఒక బిడ్డని ఎంచుకుని చదువు చెప్పించాలి. మా ఆవిడ సుగుణ, అందరూ నవ్వుతున్న ఫొటోలు పక్కకి జరిపి, మూతి బిగించుకున్న పిల్లని తీసుకుంది. "నవ్వేవాళ్ళని ఎవరైనా తీసుకుంటారండీ. ఈ పిల్ల ఇక్కడే మిగిలిపోతుంది," అంది. నన్ను కూడా అదే లెక్కన ఎంచుకుని ఉంటుందని నా అనుమానం.

సుగుణ నరసాపురంలో టీచరు. ఇక్కడికొచ్చాక బడిలో పిల్లలు మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు చూసుకునే పని దొరికింది. పాఠం చెప్పాలన్న కోరికంతా చికోండికి రాసే ఉత్తరాల్లో తీర్చుకునేది. చేత్తో, ఇంగ్లీషులో, నాలుగైదు పేజీలు. ఉత్తరం రాయడం ఆమె పని. పోస్టు చేయడం నా పోస్టు. లోపల ఏం రాసిందో ఒక్కసారైనా చూడలేదు. అడగనూ లేదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నేను చేసిన నేరాల్లో ఇది మొదటిది కాదు గాని, ఇప్పుడు ఎక్కువగా గుర్తొచ్చేది ఇదే.

మూడేళ్ళ క్రితం సుగుణ పోయింది. పోయిన మూడో వారంలో చికోండి ఉత్తరం వచ్చింది. "అమాయీ, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని మొదటి వాక్యం. వాళ్ళ భాషలో అమాయి అంటే అమ్మ. ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. సుగుణ మోకాలి గురించి అడిగే మనిషి ఈ లోకంలో ఇంకా ఒకరున్నారు. నిజం రాస్తే ఆ అడిగే మనిషీ ఉండదు. పైగా ఆ పిల్లకి పరీక్షలు దగ్గర పడ్డాయి. అందుకని సుగుణ పేరుతో నేనే జవాబు రాశాను. చేతిరాత దొరికిపోతుందని, వేళ్ళు నొప్పులంటూ టైపు చేశాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను. తొమ్మిది రాశాను.

ఇప్పుడు చికోండి టీచరు ట్రైనింగు పూర్తిచేసింది. ఆ సంస్థవాళ్ళు ఆమెని కెనడా పిలిపించి మానిటోబాలో చిన్న చిన్న ఊళ్ళలో మాట్లాడిస్తున్నారు. చదువు పూర్తయితే ఉత్తరాలు ఆగిపోతాయి. అది వాళ్ళ నియమం. చెప్పడమంటూ ఉంటే ఇప్పుడే చెప్పాలి.

బయల్దేరేముందు వాంకూవర్ నుంచి మా అమ్మాయి కీర్తన ఫోన్ చేసింది. విషయం తెలిసినప్పటినుంచీ నన్ను డాడీ అనడం మానేసి డాడ్ అంటోంది.

"డాడ్, యూ ప్రిటెండెడ్ టు బి మమ్మీ. దట్స్ నాట్ ఓకే."

"తెలుసమ్మా."

"సో, వెన్ ఆర్ యూ టెల్లింగ్ హర్?"

"రైలు దిగాక."

"డాడ్, టేక్ ద ప్లేన్."

కేప్రియోల్

మన దగ్గర గూడ్సుబండి పక్కకి తప్పుకుని మనుషుల బండికి దారిస్తుంది. ఇక్కడ అంతా తారుమారు. పట్టాలు సరుకు రైళ్ళవి, మనం వాటిమీద చుట్టాలం. కేప్రియోల్ ఊరు దాటాక అడవి మధ్యలో బండి ఆగిపోతుంది. పక్కనుంచి డబ్బాల మీద డబ్బాలు పేర్చుకున్న గూడ్సు అరగంటసేపు పోతూనే ఉంటుంది. అందులో చైనా చెప్పులకి కూడా మనకంటే తొందరెక్కువ. ఒక్కరూ విసుక్కోరు. నరసాపురం ప్యాసింజరైతే ఈపాటికి సగం మంది దిగి గార్డుతో మాట్లాడుతుండేవాళ్ళు, మిగతా సగం మంది వాళ్ళని రమ్మని పిలుస్తుండేవాళ్ళు.

సెప్టెంబరు చివరి రోజులు. బిర్చి చెట్లు పసుపు కొమ్ముల్లా నిలబడి ఉన్నాయి. చెట్లు, రాళ్ళు, నీళ్ళు, మళ్ళీ చెట్లు. భోజనాల పెట్టెలో బఠాణీ సూపు, రొట్టె. పన్నెండు డాలర్లకి ఉప్పు మరిచిపోయారు. సీటుకి తిరిగొచ్చి నా పులిహోర డబ్బా విప్పాను.

పక్క సీటులో డెబ్భై దాటిన ఒకావిడ. పేరు డోరతీ. ఉత్తరాన సరస్సుల వైపు ఉండే ఓజిబ్వే అనే ఆదివాసుల మనిషి. టొరంటోలో మనవరాలిని చూసి సూ లుకౌట్ వెళ్తోంది. పులిహోర పెడితే, మెతుకు వదలకుండా శ్రద్ధగా తిని, మిరపకాయ మాత్రం తీసి గౌరవంగా నా మూత మీద పెట్టింది.

ఎక్కడికని అడిగింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి నిజం చెప్పడం ఎంత సుఖమో. మొత్తం చెప్పేశాను. పిల్లలంతా ఏడాదికి మూడుసార్లు ఒక రోజు బడిలో కూర్చుని దాతలకి ఉత్తరాలు రాస్తారని, ఎలా రాయాలో టీచరు ముందు బోర్డు మీద రాసి చూపిస్తాడని, వాటిని ఆఫీసువాళ్ళు చదివి పంపిస్తారని కూడా చెప్పాను.

డోరతీ కిటికీ వైపు తిరిగింది.

"మేమూ బోర్డు చూసి రాశాం," అంది. "నాకు ఆరేళ్ళప్పుడు ప్రభుత్వంవాళ్ళు మా జనం పిల్లలందరితోపాటు నన్నూ ఇంట్లోంచి తీసుకుపోయి దూరంగా బడిలో పెట్టారు. 'ప్రియమైన అమ్మా, నేనిక్కడ సంతోషంగా ఉన్నాను.' ప్రతి నెలా అదే. మా అమ్మకి చదవడం రాదు. ఎవరి చేతో చదివించుకుని సంతోషంగానే ఉన్నాననుకునేది."

దానం చేశామన్న చిన్న గర్వం నాకూ లేకపోలేదు. అది సీటులోనే కొంచెం కిందికి జారింది.

"మా అమ్మాయి కథ వేరనుకుంటానండీ. వాళ్ళమ్మ దగ్గరే ఉండి చదువుకుంది," అన్నాను.

"వేరే కావచ్చు," అంది డోరతీ. "కానీ ఆ అమ్మాయికి ఏం కావాలో మీకెలా తెలిసింది? అడిగారా?"

"అడగలేదు."

"మీ భార్య అడిగి ఉంటుంది," అంది. "మీరు ఆవిడ ఉత్తరాలు చదివి ఉండాల్సింది."

సూ లుకౌట్

మర్నాడు మధ్యాహ్నానికి సూ లుకౌట్ చేరాం, నాలుగు గంటలు ఆలస్యంగా. ప్లాట్‌ఫాం మీద డోరతీ కోసం ఒక నడివయసు కొడుకు, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆమె దిగేముందు నా చేయి పట్టుకుంది. "ముందు ఆ అమ్మాయిని కూర్చోనివ్వు. తరవాత చెప్పు. నిలబెట్టి చెప్పకు," అంది.

బండి కదిలాక పక్క సీటు ఖాళీ. మూడేళ్ళుగా ఖాళీ సీట్లకి అలవాటు పడ్డాననుకున్నాను. సుగుణ ఉంటే ఈపాటికి డోరతీ వంటింటి దాకా కబుర్లు వెళ్ళి, ఆ కొడుకు ఫోన్ నంబరు మా ఇంటి కేలెండరు మీద ఎక్కి ఉండేది. నేను ఇంటిపేరు కూడా అడగలేదు.

విన్నిపెగ్

విన్నిపెగ్‌లో బస చేసి, పొద్దున్నే స్టేషను దగ్గర కాఫీ కొట్టుకి వెళ్ళాను. చిన్న కాఫీ, డోనట్ కలిపి నాలుగు డాలర్లు. కౌంటర్ వెనకున్న అమ్మాయి చిల్లర ఇస్తూ నా సంచీలోంచి తొంగిచూస్తున్న డబ్బాని చూసింది.

"అంకుల్, అవి మురుకులే గద?"

"జంతికలమ్మా."

"ఏదన్న ఒకటే అంకుల్, తినేటప్పుడు పేరెవలడుగుతరు," అంటూ చేయి చాపింది. పేరు స్రవంతి. కరీంనగర్. కాలేజీలో రెండో సంవత్సరం, వారానికి ఇరవై గంటలు ఇక్కడ పని. మూడు జంతికలకి నాకు ఇంకో డోనట్ ఇచ్చింది. ప్రయాణం మొత్తంలో లాభసాటి బేరం అదొక్కటే.

ఎక్కడికి పోతున్నారంది. రైల్లో నిజం చెప్పడం అలవాటైపోయినందువల్ల మళ్ళీ చెప్పేశాను.

"ఆ పిల్ల రేపు స్టేజి ఎక్కి మాట్లాడుతదా అంకుల్?"

"రేపు కాదు, ఇవాళ సాయంత్రమే. కెనడాలో మా అమ్మ అని మాట్లాడుతుందట. కాగితం మీద అచ్చువేశారు."

స్రవంతి జంతిక నమలడం ఆపింది. "గంతమంది ముంగట మా అమ్మ అన్నంక తెలిస్తే మంచిగుండదు అంకుల్. ముందుగాల్నే చెప్పుండ్రి. తిడితే తిట్టిచ్చుకోండ్రి."

"తిట్టదమ్మా, అదే భయం."

"మస్తు తిప్పలు పెట్టుకున్నరు మీరు," అంది నవ్వుతూ, నా వెనకున్నాయనకి కాఫీ పోస్తూ.

మినెడోసా

మినెడోసా అక్కడికి పడమరగా రెండు గంటలకి పైగా దూరం. చికోండి మాట్లాడబోయే చర్చివాళ్ళు పికప్ ట్రక్కు పంపించారు. రోడ్డుకి రెండువైపులా కోత కోసిన గోధుమ చేలు, ఆకాశం తప్ప అడ్డమే లేదు. మా గోదావరి జిల్లాలోనూ చదునే, కానీ అక్కడ చూపు ఏ కొబ్బరిచెట్టుకో తగులుతుంది. ఇక్కడ చూపు పోతూనే ఉంటుంది, తిరిగి రాదు.

లోయలో చిన్న ఊరు, ఒక సరస్సు, చర్చి. ఆ చర్చిలో ఇవాళ కోతల విందు. పంట ఇంటికొచ్చాక ఇక్కడ ఊరూరా ఇలాంటి విందులు పెడతారట. టికెట్టు ఇరవై డాలర్లు. మన చర్చిల్లో పెట్టే ప్రేమవిందు లాంటిదేననుకున్నాను. తేడా ఏమిటంటే మనకి వడ్డించేవాళ్ళు వెంటపడి వడ్డిస్తారు, వీళ్ళు గిన్నె మన చేతికిచ్చి మన మనస్సాక్షికి వదిలేస్తారు.

ట్రక్కు ఆగేసరికి హాలు గుమ్మంలో ఇద్దరున్నారు. ఒకరు సంస్థ తరఫున వచ్చిన లిండా గారు. ఇంకొకరు చికోండి. ఫొటోలో మూతి బిగించుకున్న పదకొండేళ్ళ పిల్ల కాదు. ఇరవై రెండేళ్ళ పొడుగాటి అమ్మాయి. చేతుల మీద మడతపెట్టిన రంగుల గుడ్డ ఉంది. నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని ట్రక్కు వైపు చూసింది. లిండా గారు "మీ స్పాన్సరు వస్తున్నారు" అని మాత్రమే చెప్పారట.

తరవాత నా మొహం చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీరు బతికే ఉన్నారా?" అంది.

నేను ఈ ప్రయాణం పొడుగునా అరవై రకాల సంభాషణలు ఊహించుకున్నాను. ఏ ఒక్కటీ ఇలా మొదలు కాలేదు.

డోరతీ మాట గుర్తొచ్చి, "కూర్చుందామా?" అన్నాను. వంటగది పక్కన చిన్న గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఒంటరిగా కలవనివ్వకూడదన్నది నియమం కాబట్టి లిండా గారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నారు.

"అమాయి ప్రతి ఉత్తరంలోనూ మీ గురించి రాసేది," అంది చికోండి. ఆమె ఇంగ్లీషు నెమ్మదిగా, ప్రతి మాటా కడిగి ఆరబెట్టినట్టుంది. "మీరు డ్రైవింగు పరీక్ష నాలుగోసారి తప్పారని. మంచు పారతో తీస్తూ పక్కింటివాళ్ళ దారి శుభ్రం చేసి వచ్చారని. మీ ఫొటో పంపింది. మూడేళ్ళ క్రితం ఉత్తరాలు మారిపోయాయి. వాతావరణం, చర్చి, చెట్లు. మీరు ఎక్కడా లేరు. ఒక్క వాక్యంలో కూడా. చేత్తో రాయడం కూడా మానేసింది. అందుకని మీరు చనిపోయారని అనుకున్నాను."

నేను నోరు తెరవబోయాను. ఆమె ఇంకా చెబుతోంది.

"మా ఊళ్ళో చావు జరిగిన ఇంటికెళితే ఏమీ అడగం. వెళ్ళి పక్కన కూర్చుంటాం. ఆమె చెప్పినప్పుడు చెబుతుందని ఊరుకున్నాను. ఉత్తరాల్లో నేను మొక్కజొన్న గురించి, వాన గురించి రాశాను చూశారా? అది అమాయి పక్కన కూర్చోవడం."

ఆ ఉత్తరాలు నాకు గుర్తున్నాయి. ఏమీ లేని ఉత్తరాలనుకున్నాను. బోర్డు మీద చూసి రాస్తోందనుకున్నాను. మూడేళ్ళపాటు ఒక పిల్ల నా పక్కన కూర్చుని ఉంటే నాకు తెలియలేదు.

సుగుణలా రాయడానికి నేను ఎంత తంటాలు పడ్డానో. ఆమె వాడే మాటలు, ఆమె కుట్టుపని, ఆమె మందారం కుండీ, అన్నీ పెట్టాను. నన్ను మాత్రం పెట్టుకోలేదు. సుగుణ రాస్తే అందులో నేనుంటానని నాకు తట్టనే లేదు.

"పోయింది నేను కాదమ్మా," అన్నాను. "ఆమె. మూడేళ్ళు దాటింది. ఆ తొమ్మిది ఉత్తరాలూ నేను రాశాను."

చికోండి ఏడవలేదు. గుడ్డ మడతల మీద అరచేయి ఆనించి అలా ఉంచింది. వంటగదిలో ఎవరో పళ్ళేలు సర్దుతున్నారు. లిండా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ చితెంజే ఆమెకి," అంది ఆ గుడ్డ చూపిస్తూ. "విధవకని తెచ్చాను." మళ్ళీ, "నాకెందుకు చెప్పలేదు? నేనూ ఆమె కోసం ఏడవాలి కదా. మూడేళ్ళు మీరొక్కరే ఏడ్చారు," అంది.



చికోండి తన సంచీలోంచి ఉత్తరాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. సభలో చూపించడానికి తెచ్చుకుంది. "ఏవి ఆమెవి, ఏవి మీవి?" అంది. చేత్తో రాసినవి ఒకవైపు, టైపువి ఒకవైపు పెట్టాను. చేతిరాత ఆమెది, తలరాత నాది. ఒకటి మాత్రం చేతిలోనే ఉండిపోయింది. సుగుణ చివరి ఉత్తరం, ఆసుపత్రి మంచం మీద రాసింది. అక్షరాలు పక్కకి ఒరిగిపోయాయి.

"చదువుకోండి," అంది చికోండి.

చదివాను. అందులో మీరు ఊహించే మాటలేవీ లేవు. క్లాసులో గోల చేసే పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టకు, కిటికీ పక్కన కూర్చోబెట్టు, వాళ్ళకి గాలి కావాలి, అని ఉంది. ఆ కింద, "మా ఆయన ఇవాళ నాకోసం చారు తెచ్చారు. ఉప్పు లేదు. బాగుందన్నాను. ఆయన నమ్మారు," అని ఉంది.

నమ్మాను. ఆ రోజు నాకు గుర్తుంది. గిన్నె మొత్తం ఖాళీ చేసిందని కీర్తనకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

జేబులోంచి ఫోను తీశాను. "ఒక్క ఫొటో తీసుకోనా? మిగతావి కూడా?"

ఆమె ఉత్తరం మెల్లగా వెనక్కి తీసుకుంది. "ఇవి ఆమె నాకు రాసినవి," అంది. కోపంగా కాదు. గట్టిగా. అడగగలిగినన్నాళ్ళూ అడగని మనిషిని నేను. ఫోను జేబులో పెట్టుకున్నాను.

విందు

టర్కీ కోడి మాంసం, దుంపల ముద్ద, దాని మీద గోధుమరంగు పులుసు, పెరోగీలు. పెరోగీ అంటే మన కజ్జికాయే, లోపల కొబ్బరి బదులు ఆలుగడ్డ. చికోండి నా ఎదురుగా కూర్చుని తక్కువ తింది. వాళ్ళ ఎన్‌సిమా అచ్చం మన సంకటిలాగే ఉంటుందని, మొక్కజొన్న పిండితో చేస్తారని చెప్పింది. మామూలు మాటలే. అవి కూడా నాకు ఎక్కువే అనిపించింది.

ఆమెని పిలిచారు. అచ్చువేసిన కాగితంలో "కెనడాలో మా అమ్మ" అని ఉంది. చికోండి నిలబడి, కాగితం మడతపెట్టింది.

"నేను ఈ మాట మార్చను. నాకు కెనడాలో అమ్మ ఉండేది. ఆమె చనిపోయిందని నాకు ఇవాళ మధ్యాహ్నం తెలిసింది," అంది. "ఆమె పేరు సుగుణ. నేను టీచరునయ్యాను. ఆమె కూడా టీచరు. మా ఊళ్ళో ఇలాంటప్పుడు ప్రసంగం చేయరు. పక్కన కూర్చుంటారు. మీరు కాసేపు నాతో కూర్చుంటారా?"

కూర్చుంది. నూటయాభై మంది, పొలాలవాళ్ళు, టోపీలు తీసి బల్ల మీద పెట్టారు. పులుసు చల్లారిపోయింది. పెద్ద గిన్నెలు కడుగుతున్నవాళ్ళు కుళాయి కట్టేశారు. సుగుణ ఈ ఊరు ఎప్పుడూ చూడలేదు. మిల్టన్‌లో ఆమె సమాధి కార్యక్రమానికి వచ్చినవాళ్ళు నలభై మంది. ఆ రోజు నేను ఫ్యూనరల్ హోమ్‌వాళ్ళకి సంతకాలు పెడుతూ ఉండిపోయాను. ఆమె కోసం నేను ఊరికే కూర్చున్నది ఇక్కడే.

వెళ్ళేముందు చికోండి మోకాళ్ళు కొంచెం వంచి, రెండు చేతులతో నా చేయి పట్టుకుంది. చితెంజే నాకిచ్చింది. తరవాత టైపు ఉత్తరాలు తొమ్మిదీ ఇచ్చింది.

"ఇవి మీవి. తీసుకెళ్ళండి."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిరస్కరించిందనుకున్నాను.

"వీటిలో మీరు లేరు," అంది. "ఆ రోజుల్లో మీరేం చేశారో రాసి మళ్ళీ పంపండి. కింద ఖాళీ ఉంది, చూశాను."

లిండా గారి వైపు చూశాను. నియమాల ప్రకారం ఇక వీడ్కోలుగా ఒక్క కవరే పంపొచ్చు.

"ఒక్క కవరే," అన్నారు లిండా గారు. "ఎంత లావుండాలో మాత్రం ఎక్కడా రాసి లేదు."

"అమాయి ఉత్తరాలో?" అని అడిగాను చికోండిని, ఇంకా ఆశ చావక.

"అవి మా ఇంట్లో ఉంటాయి. వచ్చి చదువుకోండి."

తిరుగు రైలు

మలావీ ఎంత దూరమో ఫోనులో చూశాను. రైలు లేదు.

తిరుగు ప్రయాణంలో రెండో రోజు, మధ్యాహ్నం ఎండలో, చితెంజేని ఒళ్ళో పరుచుకుని మొదటి ఉత్తరం విప్పాను. "నేను బాగున్నాను. మోకాలి నొప్పి తగ్గింది. మంచు బాగా పడుతోంది." ఇంగ్లీషు తప్పుల్లేకుండా ఉంది. అందులో ఊపిరి పీల్చే మనిషి లేడు.

పెన్ను తీసి కింద చేత్తో రాయడం మొదలుపెట్టాను. చాలా ఏళ్ళయింది చేత్తో రాసి, అక్షరాలు సరిగ్గా రావడం లేదు. "ఇది రాసిన రోజుకి సుగుణ పోయి ఇరవై రెండు రోజులు. ఆమె కోటు తలుపు వెనక వేలాడుతోంది, తీయలేదు. పొద్దున రెండు కప్పుల టీ పెట్టాను. ఒకటి తాగి, రెండోది చల్లారేదాకా చూసి, అదీ నేనే తాగాను. మంచు తీయడానికి బయటికి వెళ్ళాను. మళ్ళీ పక్కింటివాళ్ళ దారి శుభ్రం చేసి వచ్చాను. ఈసారి పొరపాటున కాదు. ఇంట్లోకి రాబుద్ధి కాలేదు."

సిరా ఆరేదాకా ఉండి, రెండో ఉత్తరం విప్పాను.